పిలవని పేరు

ఆత్మకూరు దగ్గర ఓ కారప్పొడి ఫ్యాక్టరీలో హెచ్.ఆర్. ఉద్యోగం నాది. కార్మికులు తమలో తాము షిఫ్టులు మార్చుకోవడం నచ్చక, కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఆ వీలు తీసేయించాను.

ఓ శుక్రవారం మిరపకాయల గోడౌన్‌లో పొగ లేచింది. అందరినీ బయటికి రప్పించి, ఫోన్లో షిఫ్టు జాబితా చూస్తూ పేర్లు పిలిచాను. మస్తాన్ ఒక్కడే పలకలేదు.

"మస్తాన్ ఏఎస్ పేట దర్గాకు పోయినాడు సార్. బదులుగా శీనయ్య వచ్చినాడు" అంది ప్యాకింగ్ రమణమ్మ, భయపడుతూనే.

"శీనయ్య ఏడీ?"

ఇద్దరు కార్మికులు గోడౌన్‌లోకి పరుగెత్తారు.

బస్తాల వెనక సొమ్మసిల్లిన శీనయ్యను మోసుకొచ్చారు. దగ్గుతూనే నా చెయ్యి పట్టుకున్నాడు.

"మస్తాన్‌కు ఆబ్సెంటు వెయ్యబాకండి సార్."

నేను వద్దన్నందుకు వాళ్లు షిఫ్టులు మార్చుకోవడం మానలేదు. నాకు చెప్పడం మానేశారు.