ఫోన్‌లో ఉండే బాపు

నా కూతురికి నేనెవరో బాగా తెలుసు. కాకపోతే నేను ఫోన్‌లో ఉంటాననుకునేది.

నేను మస్కట్ విమానం ఎక్కేనాటికి తనింకా బోర్లా పడలేదు. ఆ తర్వాత మా పరిచయమంతా బిల్డింగు సైటులో మధ్యాహ్నం తిండికిచ్చే కాస్త విరామంలోనే. నేను డబ్బా విప్పుకుని వీడియో కాల్ చేస్తే, కథలాపూర్ దగ్గర మా ఊళ్లో తను కంచం ముందు కూర్చునేది. ఒక బుక్క తను తిని, ఇంకో బుక్క నా నోటికని ఫోన్ అద్దానికి పూసేది. నేను నోరు పెద్దగా తెరిచి, నమిలి, మింగినట్టు చేయాలి. చేయకపోతే ఊరుకోదు. "దినాం ఫోన్ మీది పప్పు తుడుసుడే అయితుంది నా పని" అని నా భార్య సణిగేది.

తనకు మూడేళ్లు దాటాక ఒకరోజు స్నానం చేయిస్తుంటే పిల్ల పొట్టలో కుడిపక్క గట్టిగా తగిలిందని ఆమె చెప్పింది. అజీర్తి అని ఇరుగుపొరుగు అన్నారు గానీ ఆమె వినలేదు. కోరుట్లలో పిల్లల డాక్టర్ చెయ్యి వేసి చూసి, వెంటనే జగిత్యాల పొమ్మన్నాడు. జగిత్యాల స్కానింగ్‌లో కిడ్నీ మీద గడ్డ అన్నారు. పట్నంలో పెద్దాసుపత్రిలో అది క్యాన్సర్ అన్నారు. ముందు మందులెక్కించి గడ్డను ముడుచుకునేలా చేస్తారు, అది మళ్లీ పెరగకముందే కిడ్నీతో సహా తీసేయాలి. తీసేటప్పుడు పగలకూడదు, పగిలితే జబ్బు పొట్టంతా చిందుతుంది. సైటులో నేను దింపేది అద్దాల పలకలు. పగలకుండా, పగలకుండా అని పొద్దంతా అరిచేవాణ్ణి. ఆ మాట ఇక నా నోట రాలేదు.

ఆపరేషన్ ఖాయమయ్యాక సెలవు దొరికింది. గల్ఫ్ నుంచి ఇంటికొచ్చే మగాడు ఎలా దిగుతాడో మా వైపు అందరికీ తెలుసు: జుట్టుకు రంగు, కొత్త చొక్కా, ఒళ్లంతా అత్తరు. నేనూ అలాగే తయారయ్యాను, బుద్ధి ఉండొద్దూ. అప్పుడు పిల్ల సిరిసిల్లలో మా అత్తగారింట్లో ఉంది. ఆ గల్లీలో పొద్దంతా మరమగ్గాల మోతే. మందులకు జుట్టంతా రాలిపోయిన నా గుండు పిల్ల నన్ను గుమ్మంలో చూసి, ఒక తుమ్ము తుమ్మి, అమ్మమ్మ కొంగులో దూరింది.

"మీ బాపే బిడ్డా, పో" అంది మా అత్త.

"బాపు ఫోన్ల ఉంటడు. గీయన ఎవ్వలు?"

నేను పక్క గదిలోకి వెళ్లి నా భార్య ఫోన్‌కు కాల్ చేశాను. పిల్ల ఎగిరి గంతేసింది. ఇంటికి ఎవరో వచ్చిండని నా మీద నాకే చాడీ చెప్పింది. ఫోన్ చేత పట్టుకునే బయటికి వస్తే మళ్లీ ఏడుపు. నాకు ఆ ఫోన్‌ను నేలకేసి కొట్టాలనిపించింది. మెల్లమెల్లగా మచ్చికవుతుందిలే అన్నారందరూ. మెల్లమెల్లగా కావడానికి మాకు వ్యవధి లేదు.

పట్నంలో ఆపరేషన్ రోజు పొద్దున నా భార్యకు జ్వరం, దగ్గు. మందులతో ఒంట్లో సత్తువ పోయిన పిల్లకు తల్లి జలుబు అంటినా ప్రమాదమేనని సిస్టర్ ఆమెను కిందికి పంపేసింది. థియేటర్ తలుపు దాకా తల్లో తండ్రో ఒక్కరే రావాలి. మిగిలింది నేను.

ఎత్తుకోగానే పిల్ల వెనక్కి విరుచుకుపడింది. "అమ్మ గావాలె. నువ్వద్దు."

మత్తు ఇచ్చే డాక్టరమ్మ బయటికి వచ్చి చూసింది. "ఇంత ఏడుపులో మాస్క్ పెడితే ఊపిరికి ఇబ్బంది. పైగా ఇలా తన్నుకోవడం మంచిది కాదు, లోపల గడ్డ ఉంది. కాస్త ఊరుకోబెట్టండి."

నా చేతుల్లో మెలికలు తిరుగుతున్న ఆ పొట్టలోనే అది ఉంది. గట్టిగా పట్టుకుంటే ఇంకా తన్నుతోంది, వదులు చేస్తే జారిపోతోంది. నా బిడ్డకు ఆ క్షణాన అపాయం నేనే. పిల్లను సిస్టర్ చేతుల్లో పెట్టేశాను.

"మేడం, ఫోన్లయితే నా మాట ఇంటది" అన్నాను.

"మీరు ఇక్కడే ఉన్నారు కదా?"

"ఉన్న. గని గామెకు నేను ఫోన్ల ఉంటెనే బాపును."

చెప్పి సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె నవ్వలేదు. నా భార్య కిందికి వెళ్తూ నాకిచ్చిన తన ఫోన్ తీసుకుని, ప్లాస్టిక్ కవర్ చుట్టి, నెట్ కలిపి పిల్లకిచ్చింది. పిల్లను లోపలికి తీసుకెళ్లగానే తలుపు మూసుకుంది. బయట నా ఫోన్‌కు సిగ్నల్ లేదు. పరుగెత్తి లిఫ్ట్ పక్క కిటికీ దగ్గర నిలబడితే కాల్ కలిసింది.

"బాపూ, ఒకాయన నన్ను వట్టుకున్నడు."

"నేను జెప్త వానికి. మల్ల నిన్ను ముట్టడు."

"కొడ్తవా?"

"కొడ్త."

వెక్కిళ్లు తగ్గాయి. అంతలో తెర మీద బొమ్మ ఆగిపోయింది. నోరు తెరిచిన పిల్ల మొహం అలాగే బిగుసుకుపోయింది. ఫోన్ కిటికీ ఊచల బయటికి పెట్టాను. కదిలింది.

"అన్నం తిన్నవా బాపూ?"

రాత్రి నుంచి తన కడుపులోనే ఏమీ లేదు. "తినలే బిడ్డా. నువ్వు వెడ్తె తింట."

ఖాళీ వేళ్లతో బుక్క చేసి అద్దానికి తాకించింది. వచ్చేపోయేవాళ్లు చూస్తుండగా నేను నోరు తెరిచి నమిలాను. ఇంకో బుక్క. పక్క నుంచి మాస్క్ పట్టుకున్న చెయ్యి వచ్చింది. మూడో బుక్క అద్దం దాకా రాలేదు, వేళ్లు మధ్యలోనే విడిపోయాయి. తర్వాత తెర మీద పైకప్పు దీపం ఒక్కటే కనిపించింది. ఎవరో కాల్ ఆపేశారు.

మధ్యాహ్నం దాటాక సర్జన్ వచ్చాడు. "గడ్డ పగలకుండా వచ్చింది. ల్యాబ్ వాళ్లు చూసి చెప్పాలి, ఇంకా మందులుంటాయి. కానీ పగల్లేదు." నేను ఆ కిటికీ కిందే కూలబడి ఏడ్చాను.

ఐసీయూలోకి కూడా నేనే వెళ్లాలి. మాస్క్ పెట్టుకోమన్నారు, ఫోన్ తేవద్దన్నారు. పిల్ల కళ్లు తెరిచి నన్ను చూసింది గానీ ఏడవలేదు, ఏడిస్తే కుట్లు లాగుతాయని దానికే తెలిసిపోయింది. నేను స్టూల్ దూరంగా వేసుకుని కూర్చున్నాను. నేను కొడతానన్న మనిషిని నేనే కదా.

తిండి పెట్టొచ్చని డాక్టర్లు అన్న రోజు సిస్టర్ మెత్తటి ఇడ్లీ తెచ్చింది. పిల్ల ఒక ముక్క తిన్నది. రెండో ముక్క వేళ్లతో పట్టుకుని, పక్క మీద ఫోన్ కోసం వెతికింది.

"ఫోన్ లేదు బిడ్డా. ఈడికి తేవద్దన్నరు."

గొంతు విని తల తిప్పింది. నేను మాస్క్ కిందికి లాగి, ఎప్పటిలాగే నోరు పెద్దగా తెరిచాను. పిల్ల చాలాసేపు చూసింది. సూది గుచ్చిన చెయ్యి ముందుకొచ్చింది. ముక్క నా నాలుక మీద పడింది. నోరు మూసి మింగాను.

తన వేళ్లు చూసుకుంది, ఏమీ అంటుకుని లేదు. నా నోరు తెరిపించి లోపలికి తొంగి చూసింది.

"బాపూ, పోయింది" అంది. "లోపటికి పోయింది."