వాగు అవతలి మలుపు

నన్ను అనుమానప్పక్షి అని మా ఇంట్లో వెక్కిరించేవాళ్ళు. అందులో నా తప్పేమీ లేదు. మా నాన్న మిరపకాయలు కొనే వ్యాపారి. రైతు బస్తా మూతి విప్పితే పైన కనిపించే ఎర్రటి కాయను ఆయన చూసేవాడే కాదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగున దాచిన తాలుకాయల్ని బయటికి లాగేవాడు. అది చూస్తూ పెరిగినవాణ్ణి, మనుషుల్ని మాత్రం పైపైన చూసి ఎలా నమ్ముతాను?

ఎనభైల నడుమ ఒక డిసెంబరులో పర్చూరులో రోడ్డు పరుగు పందెం పెట్టారు. ఊరి నుంచి బయలుదేరి, పది కిలోమీటర్ల దూరంలో వాగు మీది చప్టా దాటి, ఇంకో కిలోమీటరు పోయి, అక్కడి బడి దగ్గర వెనక్కి తిరగాలి. అక్కడ నిర్వాహకులు ముంజేతికి పసుపురంగు నూలుపోగు కడతారు. చీరాల మగ్గాల నుంచి తెప్పించిన నూలు. చేతికి అది ఉంటేనే అంతదూరం పోయి వచ్చినట్టు. మొదట వచ్చిన ముగ్గురికి జిల్లా సర్టిఫికెట్టు ఇస్తారు.

మా క్లబ్బు నుంచి ఇద్దరం వెళ్ళాం, నేనూ మా జతగాడూ. వాడి అమ్మానాన్నలు పత్తితీతకూ మిరపకోతకూ పోయే కూలీలు. ఆదివారం పూట చర్చి అయ్యాక వాడూ నేనూ కాలవగట్టు మీద పరిగెత్తేవాళ్ళం. కానిస్టేబులు ఎంపికలో ఆటల కోటా కింద వాడికి చోటు రావాలంటే ఆ సర్టిఫికెట్టు కావాలి. మరుసటి ఏడాదికి వాడి వయసు దాటిపోతుంది. నాకైతే అంత అవసరం లేదు. ఉంటే ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది, అంతే.

ఆ తెల్లవారుజామునే తుఫాను తీరం దాటుతోందని రేడియోలో చెప్పారు. పందెం వాయిదా వేస్తారనుకున్నాం. జెండా ఊపాల్సిన పెద్దమనిషి అప్పటికే వచ్చి కూర్చున్నాడు కాబట్టి వెయ్యలేదు. బయలుదేరే ముందు అందరికీ నిమ్మకాయ నీళ్ళిచ్చారు. మాతో పోటీకి వచ్చిన పొన్నూరు కుర్రాళ్ళిద్దరి గ్లాసుల్లో పంచదార ఎక్కువ వేశారని నాకు ఇప్పటికీ అనుమానమే.

వాన అడ్డంగా కొట్టింది. ఈదురుగాలికి దవడలు కొట్టుకున్నాయి. చేలల్లోంచి నల్లమట్టి రోడ్డు మీదికి పారి, బూట్లకు పట్టుకుని వదల్లేదు. రెండు కిలోమీటర్లు పోయేసరికి వాటిని విప్పి ఒక గట్టు మీద పెట్టి ఒట్టికాళ్ళతో పరిగెత్తాను. చేలల్లో విచ్చిన పత్తి తడిసి చెట్లకే వేలాడుతోంది. దారి పొడుగునా పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్లు. మా వెనకవాళ్ళు ఒక్కొక్కరే వాటిలోకి దూరి ఆగిపోయారు. వాళ్ళను చూస్తే అసూయగా ఉండేది.

మావాడు మొదటినుంచీ అందరికన్నా ముందున్నాడు. కాసేపటికి వానతెరలో వాడి వీపు కూడా కనిపించలేదు. వాడి వెనక పొన్నూరు వాళ్ళిద్దరు, ఆ వెనక నేను. వాగు ఇంకో కిలోమీటరు ఉందనగా నిర్వాహకుల జీపు బురద చిమ్ముకుంటూ నన్ను దాటిపోయింది. ఎక్కడో దిగబడి ఆలస్యమైనట్టుంది. టైర్ల నిండా గడ్డీ కంపా అంటుకుని ఉన్నాయి. తీరిగ్గా ఇప్పుడు బయలుదేరారా అని తిట్టుకున్నాను.

నేను వాగు చేరేసరికి చప్టా మీద నీళ్ళు పారుతున్నాయి. నిర్వాహకులిద్దరు గొడుగులు పట్టుకుని ఇవతలే నిలబడ్డారు. "నీళ్ళు పెరుగుతున్నాయ్, బడిదాకా వద్దు, ఇక్కణ్ణించే తిరగండి" అని నాకు నూలుపోగు కట్టి తిప్పేశారు. నా వెనక ఇంకెవరూ లేరని కాసేపటికే వాళ్ళూ జీపెక్కి నన్ను దాటి ఊరివైపు వెళ్ళిపోయారు. మావాడు నాకంటే ముందే తిరిగిపోయి ఉంటాడనుకున్నాను. కానీ పొన్నూరు వాళ్ళిద్దరే ఎదురొచ్చారు, వాడు రాలేదే అన్న సంగతి కాస్త ఆలస్యంగా తట్టింది.

పర్చూరు ఇంకో రెండు కిలోమీటర్లు ఉందనగా వెనక అడుగుల చప్పుడైంది. మావాడే! నా ముందు పోయినవాడు నా వెనకనుంచి వస్తున్నాడు. పెదవులు నల్లబడి ఉన్నాయి. నన్ను దాటిపోయాడు. ఏదో బ్యారన్‌లో చలి కాచుకుని, సమయం చూసి మళ్ళీ రోడ్డెక్కాడని అప్పటికప్పుడు తేల్చేసుకున్నాను. ఒళ్ళు మండిపోయింది.

పొన్నూరు వాళ్ళిద్దరి తరువాత వాడు మూడో స్థానంలో వచ్చాడు. నాది నాలుగు. పంచాయతీ ఆఫీసు వరండాలో అందరిముందూ నేనే అడిగాను.

"నూలుపోగేదిరా?"

వరండా అంతా వాడి చేతివంకే చూసింది. పోగు లేదు.

"బడిదాకా పోయానండీ," అన్నాడు వాడు నిర్వాహకులవైపు తిరిగి, వణుకుతూ. "పోయేటప్పుడు చప్టా మీద నీళ్ళు పిక్కల్దాకానే ఉన్నాయండి. వాగుకాడా ఎవరూ లేరు, బడికాడా ఎవరూ లేరు. తిరిగొచ్చేసరికి నడుందాకా వచ్చేశాయ్, అప్పుడూ ఒడ్డున ఎవరూ లేరు. తుమ్మకొమ్మలు పట్టుకుని దాటానండి."

"మేం పొద్దుట్నుంచీ వాగు దగ్గరే ఉన్నామయ్యా," అన్నాడు నిర్వాహకుల్లో పెద్దాయన. "మా కళ్ళబడకుండా ఎట్టా పోయావ్?"

మావాడు చేతులు చాపాడు. అరచేతుల నిండా గీతలు, రక్తం. బొటనవేలి మొదట్లో తుమ్మముల్లు విరిగి ఉంది. పెద్దాయన వాటిని చూడలేదు. నేను చూశాను. మేము పరిగెత్తిన దారిలో తుమ్మలు ఆ వాగు ఒడ్డునే ఉన్నాయి. జీపు నన్ను దాటింది ఎప్పుడో, ఎక్కడో నాకు తెలుసు. అది వాగు చేరకముందే మావాడు అవతలికి పోయాడు. మా అందరికంటే రెండు కిలోమీటర్లు ఎక్కువ పరిగెత్తి, వరదలో ఈడ్చుకుంటూ వచ్చి కూడా వాడు నన్ను దాటాడు.

పెద్దాయన నావైపు తిరిగాడు. "మీ క్లబ్బువాడేగా. వీణ్ణి వాగు దగ్గర చూశావా నువ్వు?"

"చూడలేదండీ," అన్నాను.

అది నిజమే. అందుకే అంత సులువుగా నోట్లోంచి వచ్చింది. జీపు సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. వాడి పేరు కొట్టేసి మూడో స్థానంలో నాది రాశారు. ఆ సర్టిఫికెట్టుతోనే రెండేళ్ళకు నాకు గుమాస్తా ఉద్యోగం వచ్చింది. వాడు జిన్నింగు మిల్లులో పత్తి బేళ్ళు మొయ్యడానికి కుదిరాడు. ఇన్నేళ్ళలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది మాత్రం అవేవీ కాదు. ఆ మధ్యాహ్నం బస్టాండులో వాడు నాతో మాట్లాడిన తీరు.

వాడు అరచేతుల్లో టీగ్లాసు పట్టుకోలేక వేళ్ళ చివర్లతో పట్టుకున్నాడు. నామీద కోపంగా ఉన్నాడేమో, పళ్ళు బిగబట్టి ఉన్నాడేమో అని నేను వాడి ముఖం వెతుకుతున్నాను.

"నువ్వేం చేస్తావ్‌లేరా," అన్నాడు వాడు. "చూడందాన్ని చూశానని ఎట్టా చెప్తావ్? అది సరేగానీ, ఆ జీపు వాగుకాడికి ఎప్పుడొచ్చిందో నీకేమన్నా తెలుసా? అదొక్కటి తెలిస్తే ఇప్పుడైనా పోయి అడుగుదాం. వాళ్ళింకా లోపలే ఉన్నారు."

పంచాయతీ ఆఫీసు రోడ్డుకు అటువైపే ఉంది. తలుపులు తెరిచే ఉన్నాయి.

"వానలో గమనించలేదురా," అన్నాను.

వాడు ఇంకోమాట అడగలేదు. వెంటనే నమ్మాడు.