రాజేశం మామ తలలో నల్ల చుక్కలు

మొన్న మెడ నొప్పికి కరీంనగర్‌లో స్కానింగ్ గొట్టంలో పడుకుంటే చెవుల పక్కన టకటకమని మోత మొదలైంది. గుడ్డ నేసే సాంచెలన్నీ ఒక్కసారి నడిచినట్టు. నాకు నవ్వు ఆగలేదు. "కదలకే అన్నా!" అని బయటి నుంచి అరిచారు. కదలకుండా ఎలా ఉంటాను? ఒకప్పుడు ఇలాంటి గొట్టంలోంచే బయటికొచ్చి రాజేశం మామ అన్న మాటే వినబడుతోంది: "ఇంత మోత జేసి ఒక్క గజం గుడ్డన్న దించకపాయె గదరా!"

సిరిసిల్లలో మాది వైపని. సాంచె మీద నిలువు పోగుల పడుగు అయిపోతే పాత పోగుల కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటీ మెలిపెట్టి అతకాలి. బడికీ నాకూ ఏడో తరగతిలోనే చెడింది. తర్వాత ఈ పని నేర్పింది రాజేశం మామ. వరసకు మామ కాదు; ఆటపట్టించడానికి వీలుగా ఉంటుందని నేనే మామను చేసుకున్నాను. పోగులు అందించేది నేను, అతికేది ఆయన. ఆయన బొటనవేలూ చూపుడువేలూ కలిస్తే పోగుకు తప్పించుకునే దారి లేదు.

ఒక పొద్దున ఆ కుడిచెయ్యి పడిపోయింది. పక్షవాతం. సాంచెల ఆసామి పరామర్శకు వచ్చి, పోతూ పోతూ నా చెవిలో గొణిగాడు: "ఇంకో జతగాన్ని చూసుకో. రాజేశం ఇగ కూసోడు." మూతి వంకరపోయినా మామ చెవులు బాగానే ఉన్నాయి. "కూసోనని నీకెవడు జెప్పిండు? నా జాగల ఎవలన్న కూసోనియ్యి, చూస్త!" అని మంచం మీది నుంచే గదమాయించాడు.

నెలలు గడిచినా చెయ్యి కదల్లేదు. హైదరాబాదులో ఒక పెద్దాసుపత్రి పక్షవాతానికి మూలకణాలతో పరిశోధన చేస్తోందని తెలిసి, నన్ను తోడు లాక్కొని తనే బయలుదేరాడు. డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. తుంటి ఎముకలోంచి కణాలు తీస్తారు. స్కానింగులో ఆనవాలు దొరకడానికి వాటికి సన్నని ఇనుప రజను పట్టిస్తారు. మెదడులో దెబ్బతిన్న చోటు పక్కన పెట్టి, అవి ఎటు పోతాయో చూస్తారు. "చెయ్యి వస్తుందని మాట ఇవ్వలేను," అంది.

"మాట అద్దు మేడం. తొవ్వ జూపుండ్రి, నేను గుంజుకొస్త."

కణాలు పెట్టించుకొని ఇంటికొచ్చాక నేనే పరాచికం మొదలుపెట్టాను: "మామా, తలల ఇనుము బెట్టుకొని సాంచెల దిక్కు రాకు, అతుక్కపోతవ్."

"మంచిదేరా. ఇగ ఆసామి పీకినా రాను."

తర్వాతి స్కానింగు నాడు డాక్టరమ్మ తెర మీద చూపించింది. పెట్టిన చోటి నుంచి కొన్ని నల్ల చుక్కలు దెబ్బ అంచు దాకా జరిగాయి. నేను గంతేయబోతే ఆపింది. "కనబడేది ఇనుమే. కణాలు చచ్చిపోయినా ఇనుము మిగిలిపోవచ్చు. బతికున్నాయో లేదో ఈ బొమ్మ చెప్పదు."

ఎత్తిన కాలు కింద పెట్టేశాను. మామ మాత్రం తెర మీంచి కళ్లు తిప్పలేదు. "అతుకైతే కానొస్తున్నది. నిలిచిందో తెగిందో సాంచె నడిస్తెనే ఎరుకైతది. నడిపిద్దాం."

"మేము అడుగుతున్నదీ అదే," అంది డాక్టరమ్మ. "రోజూ కదిలించండి."

రోజూ వచ్చి తన జాగలో కూర్చునేవాడు. కొన్నాళ్లకు బొటనవేలు కాస్త వంగింది. కణాల వల్లనా, కసరత్తు వల్లనా? డాక్టరమ్మ కూడా తేల్చలేదు. వంగినా పోగు నిలవలేదు, జారిపోయేది. ఒకసారి ఉండబట్టలేక నా చెయ్యి చాపాను. తోసేశాడు. "నీ చెయ్యి నాకెందుకురా?" అని ఎడమచేతిని పోగుల మీదికి తెచ్చాడు. మెలిక అడ్డదిడ్డంగా పడింది. కిసుక్కుమన్నాను.

"నవ్వుతున్నవా? రెండు చేతుల దొరవు గదా, ఎడమతోని ఒక్కటి పెట్టి చూపియ్!"

నాకూ రాలేదు. ఇద్దరం కొత్తగా ఓనమాలు దిద్దినట్టు మొదలుపెట్టాం. ఆసామి వచ్చి మొత్తుకున్నాడు: "గిట్లయితే సాంచె ఎప్పుడు నడువాలె?"

"తొందరుంటే నువ్వు కూసో," అన్నాడు మామ.

ఆసామి కూర్చోలేదు. పడుగు పూర్తయింది, సాంచె నడిచింది. కొన్ని పోగులు తెగాయి. మిగిలినవి నిలిచాయి.

మామ చనిపోయేదాకా ఆ కుడిచేతికి పోగు చిక్కలేదు. ఆ జాగ కూడా ఇంకొకరికి చిక్కలేదు. ఇప్పుడు అక్కడ నేను కూర్చుంటున్నాను. ప్రతి పడుగులో కొన్ని పోగులు ఎడమచేత్తోనే అతుకుతాను. పోగులందించే జతగాడు విసుక్కుంటాడు: "కుడిచెయ్యి మంచిగనే ఉన్నది గదనే?"

"ఉన్నది. ఇంకోటి గూడ ఉన్నదని దానికి ఎరుక జేస్తున్న."