రెండు లెన్సులు, ఒక ప్యాంటు

నా పదవీ విరమణకు ముందటి ఏడాది వానాకాలంలో, చంద్రపూర్ ఆఫీసు నుంచి నన్ను ఘుగ్గుస్ వైపు ఒక భూగర్భ బొగ్గుగనికి పంపారు. నేను సర్వే విభాగంలో ఫొటోగ్రాఫర్‌ని. రెండు వైడ్ యాంగిల్ లెన్సులను పోల్చి, ఏది కొనాలో రిపోర్టు రాయడం నా పని.

అప్పటికే అందరి జేబుల్లో ఫోన్లున్నా, వాటిని గేటు దగ్గర అప్పగించే దిగాలి. లోపల మండే గ్యాసు ఉంటుంది కనుక ఫ్లాష్ కుదరదు, బ్యాటరీ కెమెరా కుదరదు. మిగిలింది బ్యాటరీ అక్కర్లేని నా పాత రేంజ్‌ఫైండర్ కెమెరా, ఫిల్ము, టోపీ దీపాల వెలుతురు. ఈ కెమెరాలో చూసేది లెన్సులోంచి కాదు, పైన పక్కగా ఉండే చిన్న కిటికీలోంచి. లెన్సుల్లో ఒకటి ఎఫ్ 2, బుల్లిది. రెండోది ఎఫ్ 1.4, దానికి రెట్టింపు వెలుతురు తీసుకుంటుంది, లావుపాటిది. నా మనసు ముందే లావుదాని మీద పడింది. నిష్పక్షపాత పరీక్ష అన్నది పైకి చెప్పుకునే మాట.

పరీక్షకు నిలబడింది మైనింగ్ సర్దార్ రాజమల్లు జట్టు. సర్దార్ అంటే జట్టు భద్రతకు పూచీ పడే ఉద్యోగి. ఆయన ఆ శనివారమే రిటైరవుతున్నాడు.

"ముప్పై ఏండ్ల సంది నేను ఏడ పనిజేస్తున్ననో మా ఇంటామె సూడలె సార్. నా మొఖం మంచిగ రావాలె," అన్నాడు.

కెమెరాను ముక్కాలి స్టాండు మీద నిలబెట్టాను. ముందు బుల్లి లెన్సు. దానికి షట్టర్ ఒక సెకను తెరిచి ఉంచాలి. నొక్కగానే రాజమల్లు జట్టువైపు తిరిగి "కదలకుండ్రిరా!" అని కేకేశాడు.

లెన్సు మార్చడానికి వెనక్కి జరిగి నీటికాలువలో కూలబడ్డాను. జట్టువాళ్ళు లేపి, నాకో తువ్వాలు చుట్టబెట్టి, తడి ప్యాంటు పట్టుకుపోయారు. ఎక్కడ ఆరేశారో అడగలేదు. లావు లెన్సుకు అర సెకను చాలింది. రాజమల్లు నోరు తెరిచేలోపే అయిపోయింది.

మర్నాడు ఫొటోలు కడిగాను. మొదటిదాంట్లో జట్టంతా స్పష్టంగా ఉంది, రాజమల్లు ముఖం ఉండాల్సిన చోట మాత్రం పొగలాంటి మరక ఉంది. రెండోదాంట్లో ఆయన మీసం వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. ఆయన చేతి పక్కనే, పైకప్పుకు ఆనించిన దుంగకు నా ప్యాంటు వేలాడుతోంది. లావు లెన్సు కిటికీకి అడ్డొచ్చి కుడివైపు కింది మూలను కప్పేస్తుంది. ప్యాంటు సరిగ్గా ఆ మూలనే ఉంది. ముందే ఎందుకు చెప్పలేదని జట్టువాళ్ళను అడిగితే, "మీకు కనవడుతుందనుకున్నం సార్" అన్నారు.

నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆ ముక్క కత్తిరించి ఇస్తానన్నాను. రాజమల్లు ఒప్పుకోలేదు.

"ప్యాంటుంటె ఉండనీ సార్! గది కోస్తె నా చెయ్యి పోతది. గిట్లనే ఇయ్యుండ్రి."

శనివారం దాన్ని ఫ్రేము కట్టించుకుని ఇంటికి పట్టుకెళ్ళాడు. భార్య చాలాసేపు చూసి, ఇన్నేళ్ళుగా గనిలో నువ్వు చేసింది బట్టలారేసే పనా అని అడిగిందట.

రిపోర్టులో 1.4 కొనమనే రాశాను. రుజువుగా ఆ ఫొటో జతచేయక తప్పలేదు. మేనేజరు అంచున ఎర్ర సిరాతో ఒకే ప్రశ్న రాశారు: ప్యాంటు ఎవరిది? "పరీక్ష జరిపిన వ్యక్తిది" అని జవాబు రాసి సంతకం పెట్టాను.

లెన్సు కొన్నారు. తర్వాత దానితో తీసిన ప్రతిసారీ కెమెరా వదిలి ముందుకు నడిచి, ఆ కుడి మూలలో ఏముందో కళ్ళతో చూసి వచ్చాకే నొక్కాను. లావు లెన్సు కొనేవాళ్ళకు నేను చెప్పగలిగిందీ అంతే.