సీసా అడుగున పలుకులు

మొన్న జనవరిలో, ఉప్పల్‌లోని ఒక ఆసుపత్రిలో మా చెల్లెలి మెదడులోంచి గడ్డ తీశారు. మర్నాడు బాగానే మాట్లాడింది. మూడో రోజు పొద్దున ఎంత పిలిచినా కళ్లు తెరవలేదు. స్కానింగ్ చూసి, మెదడు వాచిందన్నారు. ఐసీయూ నర్సు నా చేతిలో చీటీ పెట్టింది.

"మానిటాల్, పెద్దమ్మా. వాపు గుంజే మందు. జల్ది తీస్కరా."

కింద మందుల దుకాణంలో ఏసీ చలి. నాచారంలో ఇంజెక్షన్ల కంపెనీలో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. ఒకసారి నల్ల పలక ముందు, ఒకసారి తెల్ల పలక ముందు సీసా తిప్పి చూడడమే నా పని. నలుసు కనిపిస్తే ఆ సీసా పక్కకు పోవలసిందే. మానిటాల్ మాత్రం అక్కడ చేసేవారు కాదు. అలవాటుగా సీసాను వెలుతురుకు ఎత్తాను. అడుగున పటికబెల్లం పలుకుల్లాంటివి కదిలాయి.

"ఇది ఖరాబైంది. వేరేది ఇయ్యి," అన్నాను దుకాణం అతనితో.

రెండోదీ అంతే. మూడోదీ అంతే.

"చలికి గట్లనే గడ్డ గడ్తదమ్మా. మందు మంచిదే."

"పలుకులున్న మందు నరంలకు ఎట్ల ఎక్కిస్తరు?"

"నన్నడుగుతవేంది? పైన సిస్టర్‌ను అడుగు."

తీసుకెళితే చెల్లెలికి నేనే చెడు చేస్తానేమో. ఆలస్యమైతే అదే చెడేమో. తేల్చుకోలేక అక్కడే నిలబడ్డాను. అంతలో నర్సే మెట్లు దిగి వచ్చింది.

"ఆడ ఆమెకు వాపు ఎక్కువై కనుపాప పెద్దగైతున్నది. నువ్వీడ పంచాయితీ పెట్టినవా?"

సీసా లాక్కుని వెళ్లింది. వెనకే వెళ్లి ఐసీయూ తలుపు అద్దంలోంచి చూశాను. వేడినీళ్లలో పెట్టి, కదిపి, వెలుతురుకు పట్టి, అచ్చం నాలాగే తిప్పి చూసింది. ఒక్క పలుకు లేదు. వేడి తగ్గాక, వడపోత ఉన్న గొట్టంతో ఎక్కించింది. పాడైనది బాగైందా, అసలు పాడే కాలేదా?

కాసేపటికి లోపలికి రానిచ్చారు. ఎక్కినది వంద మిల్లీలీటర్లు. మూత్రం సంచిలో గీత నాలుగు వందలు దాటింది.

"ఈ నీళ్లన్నీ తలలయేనా?" అని నర్సును అడిగాను.

"తలలయి కొన్నే. ఒంట్లయి గూడ పోతయి. అందుకే ఇటు సెలైన్ పెట్టినం."

ఒకవైపు తోడుతూ మరోవైపు పోయడం. ఎన్నిసార్లు కూడినా ఆ లెక్క నాకు కుదరలేదు.

సాయంత్రం చెల్లెలు కళ్లు తెరిచింది.

"అక్కా, నీళ్లు."

గ్లాసు అందుకోబోతే నర్సు ఆపింది. "ఇప్పుడే వద్దు. మంచిగ మింగుతదో లేదో సూడాలె. పెదాలు తడుపు, సాలు."

తడి గాజుగుడ్డ పెదాలకు అద్దాను. చెల్లెలు దాన్ని పళ్ల మధ్య గట్టిగా పట్టుకుంది. లాగాలో, వదలాలో తెలియక, రెండో కొస పట్టుకుని అలాగే నిలబడ్డాను.