అమ్మవారికి రాని భాష

మా ఖమ్మం అపార్ట్‌మెంట్‌లో ఎవరిదో గొలుసు పోయిందని నిన్నటి నుంచి వాట్సాప్ గ్రూపు ఒకటే మోత. బయటి రాష్ట్రం వాళ్లను నమ్మితే ఇంతేనని ఒకరు రాయడం, దానికింద వరసగా బొటనవేలి బొమ్మలు. ఆ బయటివాళ్లంటే మా వాచ్‌మన్, అతని భార్య, ఆమె చంకలో పాప. సాయంత్రం వాళ్లను సెల్లార్‌లో నిలబెట్టి అడుగుతారట. పొద్దున్నుంచి నాకు చిన్నప్పటి సంగతొకటి గుర్తొస్తోంది.

మా ఊరు భద్రాచలం దాటాక అడవి అంచున ఉండేది. మిరప కోతలకు సరిహద్దు అవతలి నుంచి కూలీలు వచ్చి, పని కాగానే వెళ్లిపోయేవారు. ఒక కుటుంబం మాత్రం వెళ్లలేదు. అక్కడ గొడవలనీ, తిరిగిపోతే బతకనివ్వరనీ వచ్చీరాని తెలుగులో చెప్పుకుంటే, మా నాన్న చేలో పాక వేసుకోమన్నాడు. పై ఏడు చలికాలంలో ఆ పాకలోనే వాళ్లకు బిడ్డ పుట్టింది. నోరు పెద్దదని పేరున్న మా నాయనమ్మే బాలింతకు పాత చీరలు మోసుకుపోయింది.

బిడ్డకు నెల నిండకముందే ఊరి ముత్యాలమ్మ వెండి కళ్లు పోయాయి. ఊరివాడెవడూ అమ్మవారి జోలికి పోడని తేల్చేశాక, ఇక మిగిలింది పాకవాళ్లే కదా! కుండలు పగలగొట్టి వెతికినా ఏమీ దొరకలేదు, ఆ బిడ్డ తండ్రే ఎక్కడో పాతిపెట్టాడన్నారు. తడిబట్టలతో గుడి ముందు ప్రమాణం చెయ్యాలి, లేకుంటే ఆ పూటే ఊరు విడవాలి అన్నారు పెద్దలు.

అతను బోరింగు కింద తడిసి వచ్చి, గుప్పిట్లో మన్ను పట్టుకుని, వణుకుతూ తన భాషలో ఏదో చెప్పాడు. మా నాన్న మేనమామే ఊరిపెద్ద, ఆయన చెయ్యెత్తాడు.

"గిది చెల్లదు. ఏమన్నడో ఎవనికెరుక? అమ్మకు ఆ బాస రాదు."

గుంపు కదిలింది. ఎవడో కిరసనాయిలు డబ్బా పట్టుకుని పాక వైపు బయల్దేరాడు. లోపల తల్లీబిడ్డా ఉన్నారు. అంతలో నాయనమ్మ బిందెడు నీళ్లు నెత్తిన గుమ్మరించుకుని, కారుతున్న చీరతోనే వచ్చి వాళ్ల దారికి అడ్డంగా నిలబడింది.

"బలికి తెచ్చిన మేక ఒళ్లు జాడిస్తే అమ్మ ఒప్పుకున్నదంటిరి. మేక బాస తెలిసిన తల్లికి మనిషి బాస తెల్వదా? మీకు తెలుగు వచ్చు గద, ఇంటికొకరు తడిసొచ్చి, మేం తియ్యలేదని చెప్పుండ్రి."

మా నాన్న ఒక్కడే చొక్కా విప్పి బోరింగు వైపు నడిచాడు. తక్కినవాళ్లు తలలు దించుకుని, రేపు పొద్దున వస్తామంటూ జారుకున్నారు. తెల్లారేసరికి వెండి కళ్లు గుడి గడప మీద ఉన్నాయి. ఎవరు పెట్టారని ఊరు అడగలేదు. పరాయివాడిని కుండలు పగలగొట్టి మరీ అడిగిన నోళ్లు, దొంగ మనవాడనేసరికి మూతపడ్డాయి. నాయనమ్మ అంబలి పట్టుకెళ్తే పాక ఖాళీగా ఉంది. ఆమె ఇచ్చిన చీరలు మడతపెట్టి రాయి కింద ఉంచి వెళ్లారు. అవి ఒళ్లో పెట్టుకుని నాయనమ్మ ఏడుస్తుంటే చూడటం నాకదే మొదలు. వెనక్కి పోలేనివాళ్లు, పసిబిడ్డతో ఎటు పోయారో ఈనాటికీ తెలియదు.

ఆ రోజుల్లో మనుషులు మంచివాళ్లని నేననను. కానీ మాట అన్నవాడు ఎదురుగా నిలబడేవాడు, నాయనమ్మ చూస్తే కళ్లు దించుకునేవాడు. ఇప్పుడు సెల్లార్‌లోకి నేను దిగుతున్నాను, ఇంటికొకరు వచ్చి చెప్పమన్న ఆమె మాట నోట్లో సిద్ధంగానే ఉంది. అక్కడికి సెక్రటరీ, మరో ఇద్దరు వస్తారు. బొటనవేళ్లు చూపినవాళ్లంతా తలుపులేసుకుని పైనే ఉంటారు. నేనెవరి కళ్లలోకి చూసి అడగను?