అత్తయ్య చేత నీళ్ళు తాగించిన ఊరు

న్యూజీలాండ్ వచ్చాక మా అత్తయ్య నాతో ఆడిన అబద్ధం ఒక్కటే. "తాగాను" అనేది ఆ అబద్ధం.

నేను ఇన్వర్‌కార్గిల్‌లో ఒక రెస్ట్‌హోమ్‌లో, అంటే వృద్ధాశ్రమంలో, పనిచేస్తాను. చదువుకోవడానికి వచ్చి, ఇక్కడి చలిని తిట్టుకుంటూనే ఇక్కడే సెటిల్ అయిపోయాను. నా పనిలో సగం పెద్దవాళ్ళ చేత నీళ్ళు తాగించడమే. ఎవరు ఎన్ని కప్పులు తాగారో, ఎన్నిసార్లు బాత్రూమ్‌కి వెళ్ళారో కాగితం మీద రాయాలి. ఒకావిడకి నిమ్మరసం పిండితే గానీ గొంతు దిగదు. ఒకాయనకి రగ్బీ కబుర్లు చెబుతూ మధ్యలో కప్పు అందించాలి. ఊళ్ళోవాళ్ళ అమ్మానాన్నల చేత అలా తాగించే నేను, మా ఇంట్లో మనిషి దగ్గర మోసపోయాను.

అత్తయ్య, అంటే మా ఆయన వాళ్ళ అమ్మ, ఒంగోలు దగ్గర ఒక హైస్కూల్లో ముప్పై ఏళ్ళు సోషల్ పాఠాలు చెప్పారు. మా దగ్గరికి వచ్చిన మొదటి వారంలోనే మా ఆయన్ని డునెడిన్ గురించి అడిగారు. బంగారం దొరికిందన్న కబురు వినగానే జనం ఓడలెక్కి ఎగబడి వచ్చిన ఊరు, ఆ డబ్బుతో పెద్దదైన ఊరు. "అట్లాంటి ఊళ్ళ గురించి బోర్డు మీద రాయడమే గానీ, ఒక్కటీ కళ్ళతో చూడలేదురా" అన్నారు. అక్కడి రైల్వేస్టేషన్ ఫోటో చూపిస్తే ఫోన్ చేతిలోంచి వదల్లేదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ముగ్గురం బయల్దేరాం. దాదాపు రెండు వందల కిలోమీటర్లు. బయల్దేరేటప్పుడు నీళ్ళ సీసా చేతిలో పెట్టాను. అరగంటకొకసారి "నీళ్ళు తాగారా అత్తయ్యా" అని అడుగుతూనే ఉన్నాను. "తాగాను" అంటూనే ఉన్నారు. సగం దారి రాకముందే ఆవిడ నడుం పట్టుకుని సీట్లో ఒక పక్కకి ఒరిగిపోయారు. ఒళ్ళు కాలిపోతోంది. కారు వెనక్కి తిప్పి తిన్నగా హాస్పిటల్‌కి తీసుకెళ్ళాం. మూత్రంలో ఇన్ఫెక్షన్, పైగా కిడ్నీలో చిన్న రాయి. కారు శుభ్రం చేస్తుంటే సీటు కింద ఆ సీసా దొరికింది. మూతకి సీలు కూడా విప్పలేదు.

నాకు ఎంత కోపం వచ్చిందంటే, హాస్పిటల్ మంచం పక్కనే నిలబడి అడిగేశాను.

"ఎందుకు తాగలేదు అత్తయ్యా?"

"తాగితే వెళ్ళాలిగా. ఎక్కడికి వెళ్ళను?"

వాళ్ళ బడిలో టీచర్లకి బాత్రూమ్ లేదు. ఉదయం ఏడింటికి ఇల్లు వదిలితే తిరిగి సాయంత్రం ఐదింటికే. తెల్లవారుజామున అరగ్లాసు కాఫీ, అంతే. బడిలో ఆడవాళ్ళందరిదీ అదే పద్ధతి. రిటైరైనా ఆ పద్ధతి ఆవిణ్ణి వదల్లేదు. గుమ్మం దాటాలంటే నీళ్ళు మానేయడమే. నేనేమన్నా తక్కువ తిన్నానా? బస్సెక్కేముందు మా అమ్మ నా చేతిలోంచి గ్లాసు లాక్కోవడం నాకూ గుర్తుంది. ఆడపిల్లకి దాహం ఇంటికొచ్చాకే వేయాలి మన దగ్గర.

డాక్టరు రోజుకి రెండున్నర లీటర్లు తాగమంది. అత్తయ్య బుద్ధిగా తలూపారు. ఇంటికొచ్చాక తీర్పు చెప్పారు.

"ఇంట్లో ఉంటే తాగుతాను. బయటికి మాత్రం రాను. ఇంక నన్ను ఎక్కడికీ రమ్మనకండి."

మే నెలలో ఆవిడ తిరుగు ప్రయాణం. అప్పటిదాకా మా సోఫాలో కూర్చుని, కిటికీలోంచి ఎదురింటి లెటర్‌బాక్స్ చూస్తూ ఉంటారట. వెళ్ళాక కూడా ఇంతే కదా, గుమ్మం దాటినప్పుడల్లా మళ్ళీ నోరెండబెట్టుకోవడమే, మళ్ళీ హాస్పిటలే. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈవిడ డునెడిన్ చూడాలి, దారి పొడుగునా నీళ్ళు తాగుతూ చూడాలి అని పట్టు పట్టాను. "అమ్మని వదిలెయ్యవే, పెద్దావిడ" అని మా ఆయన అన్నాడు. వదల్లేదు.

మూడు రాత్రులు ఫోన్‌లో మ్యాప్ ముందేసుకుని కూర్చున్నాను. దారిలో ప్రతి ఊళ్ళో పబ్లిక్ టాయ్‌లెట్ ఎక్కడుంది, మెట్లున్నాయా, ఎన్నింటికి తెరుస్తారు, ఎన్నింటికి మూస్తారు అన్నీ చూశాను. ఆ పైన డునెడిన్‌లో ఆవిడ చూడాలనుకున్న ప్రతి చోటికీ దగ్గర్లో ఉన్నది ఏదో వెతికాను. అవన్నీ ఒక తెల్లకాగితం మీద తెలుగులో గళ్ళు గీసి రాశాను. టైము, ఊరు, టాయ్‌లెట్, పక్కన ఖాళీ గడి. గ్లాసు తాగాక ఆ గడిలో టిక్కు పెట్టాలి.

అత్తయ్య కళ్ళజోడు సవరించుకుని చదివారు.

"టైమ్‌టేబుల్ వేశావన్నమాట. పీరియడ్‌కి ఒకటా?"

"పీరియడ్‌కి ఒకటి. ప్రతి టాయ్‌లెట్ దగ్గరా ముందు వెళ్ళిరావడం, తర్వాత నా ఎదురుగా నిలబడి ఒక గ్లాసు తాగడం. ఎక్కడైనా నా కాగితం తప్పిందంటే అక్కడి నుంచే వెనక్కి తిప్పేస్తాను. మళ్ళీ మిమ్మల్ని బయటికి రమ్మని అడగను."

ఆవిడకి టైమ్‌టేబుల్ అంటే గౌరవం. "ఒక్కసారికే" అన్నారు.

ఏప్రిల్‌లో నా డే ఆఫ్ రోజు ఇద్దరమే బయల్దేరాం. అత్తయ్య సంచిలో రెండు సీసాలు. పచ్చ మూతది తాగడానికి, నీలం మూతది కడుక్కోవడానికి. ఈ దేశంలో కాగితం తప్ప ఇంకేం ఉండదని ఆవిడకి మొదటి రోజే తెలిసిపోయింది, అప్పటినుంచీ నీలం మూత సీసా లేనిదే కదలరు. దారిలో మూడు చోట్ల ఆగాం. మూడూ కాగితంలో రాసినట్టే తెరిచి, శుభ్రంగా ఉన్నాయి. మూడు టిక్కులూ ఆవిడే పెట్టారు, ఎర్ర ఇంకు పెన్నుతో.

డునెడిన్‌లో ముందు మ్యూజియంకి వెళ్ళాం. అక్కడ అత్తయ్య నీలం సీసా వాష్‌బేసిన్ కుళాయి కింద పట్టుకుని నింపుకుంటుంటే, మెడలో వాలంటీరు బ్యాడ్జీ వేసుకున్న ఒక తెల్లజుట్టు ఆవిడ చూసింది. పాపం, దాహంగా ఉందనుకుంది. "అయ్యో, ఇది గోరువెచ్చగా వస్తుంది" అని సీసా చేతిలోంచి తీసుకుని, వెచ్చటి నీళ్ళు పారబోసి, బయట తాగేనీళ్ళ ఫౌంటెన్‌లో చల్లటివి పట్టి తెచ్చి నవ్వుతూ ఇచ్చింది. అత్తయ్య ఆ సీసా ముట్టుకుని నా వంక చూశారు.

"ఐసులా ఉన్నాయే. వీటితో ఎట్లాగమ్మాయ్?"

"ఆవిడ వెళ్ళేదాకా ఉండండి" అన్నాను. నవ్వాపుకోలేక నా కళ్ళలో నీళ్ళొచ్చాయి.

లోపల బంగారం తవ్వే పలుగులు, జల్లెడ పళ్ళేలు, గుడారాల ఫోటోలు. అత్తయ్య ఒక్కో ఫోటో ముందూ అయిదేసి నిమిషాలు నిలబడ్డారు. బురదలో పొడుగు గౌనులతో నిలబడ్డ ఆడవాళ్ళ ఫోటో దగ్గర ఆగి, ఆ వాలంటీరుని పిలవమన్నారు.

"వీళ్ళంతా ఎక్కడికి వెళ్ళేవాళ్ళో కనుక్కో."

నేను అడిగాను. మగవాళ్ళకి ఎక్కడైనా జరిగిపోయేదట. ఊళ్ళో ఆడవాళ్ళకి చాలాకాలం పాటు చోటే లేదట. వాళ్ళ అమ్మమ్మ కూడా ఇంటినుంచి ఎక్కువ దూరం వెళ్ళేది కాదని, వెళ్ళాల్సొస్తే టీ తాగడం మానేసేదని చెప్పింది. నేనది తెలుగులో చెప్పగానే అత్తయ్య ఆ తెల్లజుట్టు ఆవిడ చేతిమీద చెయ్యి వేశారు.

బయటికొచ్చాక పచ్చసీసా సగందాకా తాగేశారు. నేను చెప్పకుండానే. నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను. ఆ పొంగు అరగంట కూడా నిలవలేదు.

ఊరి మధ్య నుంచి ఎత్తుగా ఎక్కే ఒక వీధిలోకి వెళ్ళాం, పైనుంచి ఊరు కనిపిస్తుందని. కాగితంలో ఆ వీధి చివర ఒక టాయ్‌లెట్ రాసి ఉంది. వెళ్ళి చూస్తే తలుపుకి అడ్డంగా పసుపు టేపు, రిపేరులో ఉందని చీటీ. దక్షిణం నుంచి మంచులాంటి గాలి ఈడ్చి కొడుతోంది. అత్తయ్య రెయిలింగు పట్టుకుని నిలబడిపోయారు. మొహంలో రంగు మారింది.

"ఇంకోటి ఎంత దూరం?"

"వెనక్కి కిందికి దిగాలి. పది నిమిషాలు."

"నడవలేను" అన్నారు. రెయిలింగు వదలకుండానే, "నేను చెబుతూనే ఉన్నాగా అమ్మాయ్" అన్నారు. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

కాగితం తప్పింది. మాట ప్రకారమైతే ఇక్కడినుంచి వెనక్కి తిప్పాలి. అప్పుడు ఆవిడ జీవితమంతా నమ్మిందే నిజమైపోతుంది, నేను తెచ్చి మరీ రుజువు చేసినట్టవుతుంది. నాకు ఏడుపొచ్చింది. పక్కన కాఫీషాపు తలుపుమీద టాయ్‌లెట్ కస్టమర్లకి మాత్రమేనని బోర్డు, లోపల బారెడు క్యూ. దాని పక్కన మంగలిషాపు. లోపలంతా మగవాళ్ళే. నేను ఇండియాలో గానీ ఇక్కడ గానీ జన్మలో మంగలిషాపులో కాలు పెట్టలేదు. తలుపు తోసుకుని వెళ్ళాను.

కత్తిరించే ఆయన కొండలాంటి మనిషి, మోచేతుల దాకా పచ్చబొట్లు. మిషను బర్రుమంటోంది. కుర్చీలో ఒకాయన, బెంచీ మీద ఇద్దరు.

"మా అమ్మకి టాయ్‌లెట్ కావాలి. చాలా అర్జెంటు" అన్నాను. గొంతు పైకి లేచిపోయింది.

ఆయన మిషను ఆపేశాడు. బయట రెయిలింగు పట్టుకున్న చీరావిణ్ణి చూశాడు. సగం గొరిగిన తలని కుర్చీలో అట్లాగే వదిలేసి, తనే తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాడు. "వెనకాల, ఎడం పక్క. లైటు నిదానంగా వెలుగుతుంది, కంగారు పడొద్దని చెప్పు" అన్నాడు. బెంచీ మీద వాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. అంతే. ఎవరూ నవ్వలేదు, ఎవరూ గుచ్చి చూడలేదు.

అత్తయ్య బయటికొచ్చి ఆయనకి రెండు చేతులూ జోడించారు. ఆయన దువ్వెన పట్టుకున్న చేతులే జోడించి తిరిగి దణ్ణం పెట్టాడు.

వీధిలోకి వచ్చాక నేను కారు తాళాలు తీశాను. "మాటంటే మాటే అత్తయ్యా. ఇంటికి వెళదామా?"

"స్టేషన్ చూపించకుండానా?" అన్నారు.

స్టేషన్‌లో నేల మీద చిన్నచిన్న పలకలతో రైలుబండి బొమ్మలు పేర్చారు. అత్తయ్య వాటి మీద చెప్పులతో నడవడానికి మనసొప్పక చుట్టూ తిరిగి వెళ్ళారు. బెంచీ మీద గంటసేపు కూర్చున్నారు. నేను తొందరపెట్టలేదు.

తిరిగొచ్చేటప్పుడు అత్తయ్య కారు సీటుకి తల ఆనించి కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారనుకున్నాను.

"మా బడి గోడ పక్కనే ఒక ఇల్లుండేది" అన్నారు హఠాత్తుగా. "మంచివాళ్ళు. వాళ్ళ పిల్లలు ముగ్గురూ నా దగ్గరే చదువుకున్నారు. పెరట్లో బాత్రూమ్ కనిపిస్తుండేది నా క్లాసు కిటికీలోంచి."

"అడిగితే ఇచ్చేవాళ్ళు కాదా?"

"ఇచ్చేవాళ్ళేమో. ముప్పై ఏళ్ళలో ఒక్కరోజు కూడా అడగలేదమ్మాయ్. అడగొచ్చని తోచలేదు."

నేను రోడ్డు మీదే చూపు పెట్టి నడిపాను.

మే నెలలో ఆవిణ్ణి దిగబెట్టడానికి ఆక్లాండ్ దాకా వెళ్ళాను. ఎయిర్‌పోర్టులో లోపలికి వెళ్ళే తలుపు దగ్గర నీళ్ళ సంగతి గుర్తొచ్చింది. లోపలికి సీసాలో నీళ్ళు తీసుకెళ్ళనివ్వరు. నీలంది ఖాళీగానే ఉంది, పచ్చసీసా మాత్రం నిండుగా ఉంది. తీసుకుని పారబోయబోయాను.

"ఇటివ్వు" అన్నారు.

అక్కడే నిలబడి, గడగడా మొత్తం తాగేశారు. ఇద్దరు ముగ్గురు పక్కనుంచి తప్పుకుని పోతున్నారు. ఖాళీ సీసా మూత బిగించి సంచిలో నీలం సీసా పక్కన పెట్టుకున్నారు. పైటకొంగుతో మూతి తుడుచుకుని, నాకేసి కాకుండా, తలుపు దగ్గర యూనిఫామ్‌లో నిలబడ్డ అమ్మాయి దగ్గరికి నడిచారు.

"టాయ్‌లెట్ వేర్?" అని అడిగారు, వెనక బెంచీలకి కూడా వినిపించే గొంతుతో.

ఆ అమ్మాయి చెయ్యి చూపించింది. అత్తయ్య అటు నడిచారు. నేను ఇక్కడ నిలబడి ఉన్నానని కూడా మర్చిపోయినట్టున్నారు.